నాయన పేరు మీద జేబు

నన్ను మా పొదుపు సంఘం మీటింగులకు పిలిచి మాట్లాడమంటారు. రాయదుర్గంలో జీన్సు కుట్టే ఆడవాళ్లలో అప్పు లేనిదాన్ని నేనొక్కదాన్నేనని ఎవరో పుట్టించారు. పిలిచాక పోకపోతే బాగుండదని పోతాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో టీ గ్లాసు పెట్టి, "నువ్వు ఎట్ల దాచినావో చెప్పక్కా, మేం గూడా నేర్చుకుంటాం" అంటారు. నేను గోడ మీది జేబుల సంగతి చెబుతాను. వాళ్లు తలలూపుతారు, కొందరు ఫోన్లలో రాసుకుంటారు. ఒక జేబు సంగతి మాత్రం ఎప్పుడూ దాటేస్తాను. అది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నోటితో చెప్పడం నావల్ల కావడం లేదు.

జేబులంటే నిజంగా జేబులే. యూనిట్లో నాది వెనక జేబుల పని. ప్యాంటు వెనక ముక్క మీద జేబు పెట్టి చుట్టూ కుట్టి పైభాగం వదిలేయడం, పక్కన పడేయడం, మళ్లీ ఇంకొకటి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. పీసుకింత అని కూలి. రంగు సరిగ్గా రాని ముక్కలు ఇంటికి తీసుకుపోతామంటే మేస్త్రీ వద్దనేవాడు కాదు. ఆ ముక్కలతో ఒక పాత దుప్పటి మీద వరసగా జేబులు కుట్టి గోడకు వేలాడదీశాను. శనివారం కూలి చేతిలో పడగానే ముందు గోడ దగ్గరికి పోవాలి, తరవాతే అంగడికి.

పై వరసవి నెలనెలా ఖాళీ అయ్యేవి. అద్దె, బియ్యం, కరెంటు, హాస్టల్లో చదివే నా కూతురి ఖర్చులు. కింది వరస వేరు. వాటి నోళ్లు కూడా మిషన్ మీద కుట్టేశాను, మడిచిన నోటు దూరేంత సందు మాత్రం వదిలి. నోటు లోపలికి పోతుంది, బయటికి రాదు. రావాలంటే సగం బ్లేడు తీసుకుని కుట్టు కోయాల్సిందే. కక్కుర్తి పుట్టినా, కోపంలో ఏదైనా కొందామనిపించినా, బ్లేడు వెతికి కుట్టు కోసేలోపు మనసు కుదుటపడుతుంది. బ్యాంకు ఉంది కదా అంటారు. బ్యాంకులో వేసింది ఫోన్లో కనిపిస్తుంది, ఫోన్లో కనిపించింది రెండు నొక్కులతో పోతుంది. నా సంగతి నాకు తెలుసు. అంగట్లో కొత్త చీర చూస్తే నాకూ కాళ్లు ఆగుతాయి.

కింది వరసలో మూడే ఉండేవి. పెద్దది పవర్ మిషన్‌ది. ఒకరి యూనిట్లో ఒకరి మిషన్ మీద ఎన్నేళ్లు కుట్టినా పీసు కూలే. సొంత మిషన్ ఇంట్లో పెట్టుకుంటే పని మనింటికి వస్తుంది, రేటు మనం మాట్లాడుకోవచ్చు. రెండోది కూతురి పై చదువుది. మూడోదాని మీద చాక్‌పీసుతో రాసి, అది చెరిగిపోతోందని తెల్లదారంతో కుట్టేశాను. నాయన అని.

మొగుడి సంగతి అడగవద్దు. ఉన్నాడు, ఎక్కడో ఉన్నాడు, అంతే.

మూడో జేబు ఎందుకో చెప్పాలంటే అమ్మ చనిపోయిన రోజు చెప్పాలి. నేను తొమ్మిదో తరగతి. ఆ ఏడాది వేరుశనగ కాయ పట్టకముందే ఎండిపోయింది. ఇంట్లో కొత్తగుడ్డ కొనడానికి కూడా ఏమీ లేదు. శవాన్ని వాకిట్లో పెట్టుకుని నాయన వడ్డీకిచ్చే ఆసామి ఇంటికి పోయాడు. ఆ ఆసామి భోంచేసి, పడుకుని లేచి, అప్పుడు బయటికి వచ్చాడు. అంతసేపూ నాయన ఆ గడప ముందే నిలబడ్డాడు. అంతసేపూ నేను అమ్మ మొహం మీద ఈగలు తోలుతూ కూర్చున్నాను. ఆ డబ్బు తీర్చడానికి నా బడి పోయింది, తరవాత మా రెండెకరాలు పోయాయి. అందుకే చేతిలో నాలుగు రూపాయలు మిగలడం మొదలైన రోజున నేను ముందు అనుకున్నది మిషన్ గురించి కాదు. నాయన పోయిన రోజు నేను ఎవరి గడప ముందూ నిలబడకూడదు అనుకున్నాను. నా ముందుచూపు అంతా అక్కడే పుట్టింది. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. సిగ్గుపడేది వేరేదానికి.

మోకాళ్లు పట్టేసి కూలికి పోలేకపోయాక నాయన ఊర్లో ఇంటికి తాళం వేసి నా దగ్గరికి వచ్చాడు. ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. యూనిట్ల నుంచి కుట్టిన ప్యాంట్లు బండిళ్లుగా ఇళ్లకు వస్తాయి, మిగిలిన దారాలు కత్తిరించి ఇవ్వాలి. ముసలివాళ్లు చేసే పని అది. నాయన గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, ఒళ్లో ప్యాంటు పరచుకుని, చిన్న కటర్‌తో టిక్, టిక్ అని కత్తిరించేవాడు. చేతులు నీలం, పంచె నీలం, ముద్ద కలిపితే అన్నం కూడా నీలం. "ఇదేందమ్మా, నేను కృష్ణుడైపోతాండా" అని నవ్వేవాడు.

ఎదురుగా గోడ. ఆయన రోజంతా చూసేది ఆ జేబులనే.

నాయనకు చదువు రాదు అనుకునేదాన్ని. వేలిముద్రే వేసేవాడు. కానీ చిన్నప్పుడు ఒకటో రెండో తరగతి కూర్చున్నాడట, అక్షరాలు కూడబలుక్కోగలడు. ఆ మూడక్షరాలు ఎప్పుడు కూడబలుక్కున్నాడో నాకు తెలియదు. ఎన్ని నెలలు వాటిని చూసి సంతోషపడ్డాడో కూడా తెలియదు.

ఆ ఎండాకాలం మా ఊరి దేవర వచ్చింది. దేవర అంటే మా వైపు ఊరి అమ్మవారి జాతర. ఏటా రాదు. వానలు, పంటలు చూసుకుని కొన్నేళ్లకోసారి ఊరి పెద్దలు కూర్చుని ఖాయం చేస్తారు. ఆ రోజు ప్రతి ఇంటి ముందూ పొట్టేలు తెగాలి, చుట్టాలందరికీ కబురు పోవాలి, వచ్చినవాళ్లు కడుపునిండా తిని పోవాలి. ఈ ఏడు మా ఊళ్లో మీరు తింటే, ఇంకో ఏడు మీ ఊళ్లో మేము తింటాం. ఏళ్ల తరబడి మా జిల్లాలో చుట్టరికాలు నడిచేది దీని మీదే. సంసారాలు కుదేలయ్యేదీ దీని మీదే. పొట్టేలు కోసం పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లను నేను చూశాను. అందుకే నా గోడ మీద దేవరకు జేబు లేదు. మరిచిపోయి కాదు, కావాలనే పెట్టలేదు.

నాయన ఒక ఆదివారం పొద్దున అడిగాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆయన కటర్ పక్కన పెట్టాడు, అదే నాకు వింతగా అనిపించింది.

"అమ్మా, దేవర సాటినారంట మనూళ్లో."

"విన్నా నాయనా."

"ఇల్లు తెరుద్దామా? ఒక్క పొద్దే. ఒగ పొట్టేలు కోసి మనోళ్లను పిలుద్దాం. గార్లదిన్నె కాడినుంచి మీ అత్త వస్తాది. నేను అందరిండ్లల్లో తినొచ్చినానమ్మా, ముదిగుబ్బలో రెండుసార్లు తింటి. తిన్నోడు పెట్టల్ల గదా. మీ అమ్మ పోయినప్పటినుంచి మనింట్లో ఎవురూ తిన్లేదు."

నాకు విసుగు వచ్చింది. ఈ దేవరలతోనే మన జిల్లా నాశనమైంది అన్నాను. పొట్టేలు ధర ఎంతో తెలుసా అన్నాను. మిషన్ జేబు నిండడానికి ఇంకా ఎన్నాళ్లు పడుతుందో లెక్కగట్టి చెప్పాను. ఆయన అన్నీ విన్నాడు. అయిపోయాక నెమ్మదిగా గోడ వైపు చెయ్యి చూపించాడు.

"మిషన్‌దాంట్లో నుంచి వద్దులేమ్మా. పాపదాంట్లో నుంచి అస్సలే వద్దు. నా పేరుమీద ఒగటి ఉండాది గదా, అందులోది ఇయ్యి."

నా చేతిలోని గిన్నె చేతిలోనే ఉండిపోయింది. అబద్ధం చెప్పి ఉండవచ్చు. నీ మందులకు అని ఉండవచ్చు, నీ కళ్లద్దాలకు అని ఉండవచ్చు. నాకు అబద్ధం అంత తొందరగా రాదు, దాన్ని నేను గొప్పతనంగా చెప్పుకునేదాన్ని కూడా.

"అది దానికి కాదు నాయనా" అన్నాను.

"మరి దేనికి?"

గిన్నె మీద నీళ్లు పోసుకుంటూ ఉన్నాను. ఆయన నా వీపు వైపు చూస్తున్నాడని తెలుస్తోంది. కాసేపటికి ఆయనకు అర్థమైంది. అమ్మ చనిపోయిన రోజు ఆ గడప ముందు నిలబడ్డవాడు కదా, అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది.

"ఓ, అదా" అన్నాడు. "మంచి పనే చేసినావులేమ్మా. ఎవురినీ అడుక్కోకుండా అయిపోతాది." కటర్ తీసుకుని మళ్లీ పని మొదలుపెట్టాడు.

ఆ పూటే బ్లేడు తీసుకుని కుట్టు కోసి ఉంటే సరిపోయేది. పొట్టేలుకు ఎంతవుతుందో అందులో దాదాపు అంతే ఉంది. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. దీనికోసం విప్పితే రేపు ఇంకొకదానికి విప్పుతాను, ఒకసారి కుట్టు కోస్తే ఇక ఆ జేబుకు విలువుండదు అనుకున్నాను. మీటింగుల్లో ఇప్పటికీ ఈ మాటే చెబుతాను, చప్పట్లు కొడతారు.

దేవర రోజు పొద్దున్నే నాయన ఉతికిన పంచె కట్టుకుని బస్సెక్కాడు. ఎవరింట్లోనో తిని వస్తాడులే అనుకుని నేను పనికి పోయాను. పొద్దుగూకినాక తిరిగొచ్చాడు. పెదాలు పగిలి ఉన్నాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి, ఇంకో చెంబు అడిగాడు.

"తిన్న్యావా నాయనా?"

"తింటిలేమ్మా. బాగ జరిగింది."

మరుసటి రోజు అత్త ఫోన్ చేసింది. నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు ఆమె. మాట తిన్నగా ఉంటుంది.

"ఏమే పాపా, ఊరంతా దేవర చేస్తాంటే మీ నాయన ఇంటి తాళం గూడా తీయలేదే. పుట్టినింటి దేవర గదా అని పిలవకున్నా వస్తి, పొద్దున్నుంచి ఆ అరుగు మీదనే కూర్చుంటి. పక్కింటోళ్లు చూడలేక పిలిచి అన్నం పెట్టినారు. మా అన్నకు నేను అంత బరువైనానా?"

తరవాత కొన్నాళ్లకు మా ఊరి ఆయన ఒకతను బస్సులో కనిపించి మిగతాది చెప్పాడు. నాయన ఆ రోజు ఊళ్లోకి రాలేదట. ఊరికి ఇవతల మైలు దూరంలో బస్సు దిగి, దున్నిపెట్టిన చేలో గట్టు మీద తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడట. నీడ లేదు. అక్కడికి డప్పులు వినిపిస్తాయి, వచ్చే బస్సుల్లో చుట్టాలు కనిపిస్తారు. అత్త బస్సులో ఊళ్లోకి పోవడం కూడా చూశాడట. సాయంత్రం ఆమె వెనక్కి పోయేదాకా అక్కడే ఉన్నాడట. "ఏమప్పా, ఈడ కూర్చున్యావు, ఊర్లేకి రారాదా అంటే, కాళ్లు నొస్తాండాయప్పా, కొంచేపు కూర్చుని వస్తా అన్న్యాడు" అని చెప్పాడు ఆయన. ఇంట్లో పొయ్యి వెలిగించకుండా ఊళ్లోకి ఏ మొహం పెట్టుకుని పోతాడు. ఇంటి దగ్గర ఉంటే చెల్లెలికి ఏం చెప్పాలి. నా కూతురు ఇవ్వలేదు అని చెప్పాలి. అది చెప్పడం ఇష్టం లేక ఎండలో కూర్చున్నాడు.

నేను ఇంటికి వచ్చి ఆ విషయం ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. అత్తకు నిజం చెప్పి ఉండవచ్చు, అదీ చెప్పలేదు.

ఆ తరవాతి శనివారం నాయన దారాలు కత్తిరించిన కూలి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతకుముందు ఆ డబ్బు ఆయన దగ్గరే ఉండేది. బీడీలకు, టీకి, నా కూతురు సెలవులకు వస్తే చేతిలో పెట్టడానికి.

"ఇది నా జేబులో ఎయ్యమ్మా" అన్నాడు.

"ఎందుకు నాయనా, నీ దగ్గర ఉంచుకో."

"నాకేం ఖర్చు ఉండాది. ఎయ్యి."

వేశాను. మడిచి, ఆ సందులోంచి లోపలికి తోశాను. ఆయన చూస్తుండగానే. వచ్చే శనివారం మళ్లీ ఇచ్చాడు, మళ్లీ వేశాను. బీడీలు మానేశాడు. బండిళ్లు ఎక్కువ తెప్పించుకునేవాడు. ఆ తరవాత బతికిన రెండేళ్లలో నన్ను ఒక్కటి అడగలేదు. చెప్పులు తెగితే తీగతో కట్టుకున్నాడు. నేను చూసి కొత్తవి తెస్తే వేసుకునేవాడు, అడగడం మాత్రం లేదు. ముందు ఆయన ఎంత అడిగేవాడు! టీ పెట్టమ్మా, ఉల్లిగడ్డ బజ్జీ తినాలనుంది, ఒక పొట్లం తెస్తావా, ఫోన్ చేసి పాపతో మాట్లాడియ్యి. అన్నీ ఆగిపోయాయి. చెల్లెలికి ఫోన్ చేయమని కూడా అడగలేదు. ఇంట్లో అద్దెకున్న మర్యాదస్తుడిలా ఉండేవాడు.

ఆఖరి చలికాలంలో దగ్గు పట్టుకుంది. జీన్సు దుమ్ము అనుకున్నాం. పెద్దాసుపత్రికి తీసుకుపోయాను, మాత్రలు ఇచ్చారు. డాక్టరమ్మ బయట స్కానింగు తీయించుకు రమ్మని చీటీ రాసింది. ఆసుపత్రి మిషన్ చెడిపోయి ఉందట. ఇంటికి వచ్చి నేను బ్లేడు తీశాను. నిజంగా తీశాను, గోడ దగ్గరికి పోయాను. నాయన పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"దాన్ని కోయొద్దమ్మా. అది దానికి కాదు గదా."

నా మాట నాకే ఇచ్చాడు. ఎగతాళి కాదు, కోపం కాదు. నా నియమం నాకు గుర్తుచేస్తున్నట్టు మామూలుగా అన్నాడు. మరి మిషన్ జేబు కోద్దామా అంటే అది నిండడానికి ఇంకా రెండు నెలలే ఉంది. "దగ్గే గదా, ఎండలు ముదిరితే పోతాది" అన్నాడు. నేను బ్లేడు పక్కన పెట్టాను. ఆయన వద్దన్నాడు కాబట్టి పెట్టాను అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన వద్దనడం నాకు అనుకూలంగా ఉండింది. వచ్చే నెల తీయిద్దాం అన్నాను.

వచ్చే నెల ఆయన లేడు. మధ్యాహ్నం గుమ్మం దగ్గరే, ఒళ్లో ప్యాంటుతో, గోడకు ఆనుకుని పోయాడు. నేను యూనిట్లో ఉన్నాను.

ఇప్పటికీ మా వీధిలో మధ్యాహ్నం కరెంటు పోతుంది. అన్ని ఇళ్లలో మిషన్లూ ఒక్కసారిగా ఆగిపోతాయి. చెవుల్లో హోరు తగ్గాక గుమ్మం వైపు నుంచి టిక్, టిక్ అని వినిపిస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో నాతో పాటు కుట్టే అమ్మాయిలకు వినిపించదు, అడిగి చూశాను. నేను భయపడేదాన్ని కాదు, దయ్యాలను నమ్మేదాన్ని అంతకన్నా కాదు. అయినా తల అటు తిప్పను. కరెంటు వచ్చేదాకా సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కూర్చుంటాను.

నాయన పోయిన రోజు ఆయన జేబు కుట్టు కోశాను. రెండు వైపులా గట్టిగా వేసిన కుట్టు, నేను వేసిందే, కోయడానికి చాలాసేపు పట్టింది. లోపల నోట్లు సందు నుంచి పడ్డవి పడ్డట్టు పొరలుగా ఉన్నాయి. అడుగువి నావి. పైవన్నీ చిన్న నోట్లు, అంచులకు నీలం రంగు అంటినవి.

ఎవరి గడప ముందూ నిలబడలేదు. అంబులెన్సు, కొత్త పంచె, పూలు, డప్పులు, గుంత తవ్వినవాళ్ల కూలి, అన్నీ ఆ జేబులో నుంచే. ఊళ్లో ఇంటి తాళం తీసి, దుమ్ము దులిపి, అక్కడి నుంచే సాగనంపాను. మా వాళ్లలో పదకొండో రోజు పొట్టేలు కోసి చుట్టాలకు పెట్టాలి. కోయించాను. బాగా బలిసిన పొట్టేలు, మంచిదే చూసి తెచ్చారు. దేవరకు పిలవాల్సిన వాళ్లందరూ వచ్చారు, పిలవకపోయినా వచ్చారు. వాకిట్లో పంక్తి వేసి కూర్చోబెట్టి వడ్డించాం. "అప్పు లేకుండా నిలబడి చేసింది చూడు, కొడుకున్నా ఇట్ల చేయడు" అనుకుంటున్నారు. నాకు వినబడేటట్టే అనుకుంటున్నారు.

అత్త అరుగు పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. ఆకులో ముక్కలు వేస్తుంటే తలెత్తి నన్ను చూసింది.

"ఇన్నేండ్లకు మా అన్న ఇంట్లో తింటాండానే పాపా" అంది.

అప్పుడైనా చెప్పాల్సింది. నీ అన్నకు నువ్వు బరువు కాలేదత్తా, ఆ రోజు నేను ఇవ్వలేదు, ఆయన చేలో కూర్చుని నిన్ను చూస్తూనే ఉన్నాడు, అని. నోటి దాకా వచ్చింది. చుట్టూ అంతమంది ఉన్నారు, నన్ను మెచ్చుకుంటున్నారు. "ఇంకొంచెం ఎయ్యనా అత్తా" అని అడిగాను. ఎయ్యమంది. వేశాను. ఆమె నిరుడు పోయింది, అన్న తనను వద్దనుకున్నాడనే అనుకుంటూ.

ఖర్చులన్నీ పోగా ఆ జేబులో కొంత మిగిలింది. పైనున్న నీలం నోట్లే మిగిలాయి. వాటిని ఏం చేయాలో తెలియక రెండు రోజులు పక్కన పెట్టాను. మూడో రోజు మిషన్ జేబులో వేశాను. దానికి అంతే తక్కువ ఉండింది. మిషన్ అనుకున్న నెలలోనే ఇంటికి వచ్చింది.